ఇంటిచుట్టు క్రిమికీటకములు – గృహస్థుని భూతయజ్ఞము

గృహస్థాశ్రమము తక్కిన మూడు ఆశ్రమములకును ఆధారమని పెద్దలు చెప్పిరి. బ్రహ్మచారికి భిక్ష, యతికి ఆహారము, అతిథికి ఆదరము గృహస్థుని గడపలోనే లభించును. ఇంతటి గౌరవమిచ్చిన ధర్మశాస్త్రమే ఆ గృహస్థుని ఇంటిలో అయిదు వధస్థానములు కలవని కూడ హెచ్చరించుచున్నది. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికడవ – ఈ అయిదింటిని మనుస్మృతి మూడవ అధ్యాయమున పంచసూనలని పేర్కొన్నది. సూన యనగా ప్రాణివధ జరుగు చోటు. పొయ్యిలోని కట్టెను ఆశ్రయించిన పురుగు కాలిపోవును. తిరుగలిలో ధాన్యపు పురుగు నలిగిపోవును. చీపురు క్రిందను, రోకటి పోటునను, కడవ అడుగునను చీమలు మొదలగు అల్పప్రాణులు నశించును. ఇల్లాలికి వానిపై ద్వేషము లేదు. చంపవలెనను సంకల్పమును లేదు. ఆమె చేయునది వంట మాత్రమే. అయినను అచట హింస జరిగినదనియే శాస్త్రము లెక్కకట్టినది.

ఆ దోషపరిహారమునకే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. వేదము చదువుట, చదివించుట బ్రహ్మయజ్ఞము, తర్పణము పితృయజ్ఞము, హోమము దేవయజ్ఞము, అతిథిపూజ మనుష్యయజ్ఞము, ప్రాణులకు బలినొసగుట భూతయజ్ఞము. వైశ్వదేవము జరిపిన గృహస్థుడు తాను భుజింపకముందే కుక్కలకు, కాకులకు, క్రిములకు కూడ అన్నమును నేలపై ఉంచవలెను. ఉంచునపుడు విసరివేయక మెల్లగా ఉంచవలెనని స్మృతికారుడు ప్రత్యేకించి చెప్పెను. అన్నమందుకొనునది క్రిమియైనను ఆ క్షణమున అది అతిథి. అతిథి ముందు అన్నమును విసరివేయువాడు లోకమున లేడు గదా.

వడ్డించువాడు పంక్తిని కనిపెట్టియుండుట మన ఇండ్లలో మర్యాద. ఏ విస్తరిలో ఏది తక్కువైనది, పిలిచినవారిలో ఎవరు రాలేదు అని చూడనివాడు వడ్డన నేర్చినవాడు కాడు. రావలసినవారు రాకున్నచో కబురంపి కనుగొనుట గృహస్థధర్మము. భూతయజ్ఞమునకు వచ్చు అతిథులలో నేడు ఎవరు వచ్చుచున్నారు, ఎవరు రాకుండ పోయిరి అని నగరవాసియైన గృహస్థుడు ఎన్నడైనను విచారించినాడా? ఎవరును చేతితో చంపకయే ఒక వీధి నుండి ఒక ప్రాణిజాతి మాయమైనచో ఆ దోషము ఎవరిది? పురుగుల కొరకు ఇంత ధర్మవిచారమా యని కొందరు నవ్వవచ్చును. మన ఇతిహాసపురాణములు మాత్రము ఈ విషయమున నవ్వలేదు.

మహాభారతమున ఆనుశాసనికపర్వములో భీష్ముడు ధర్మరాజునకు ఒక పురుగు కథను చెప్పెను. వేదవ్యాసమహర్షి ఒకనాడు పోవుచు బండ్లదారిలో వడివడిగా పరుగెత్తుచున్న ఒక కీటకమును చూచెను. ఎందులకీ తొందర యని అడుగగా, దూరమున బండి వచ్చు చప్పుడు వినబడుచున్నదనియు, ఆ చక్రముల క్రింద పడి చావవలసివచ్చునని భయమనియు అది చెప్పెను. ఇంత నీచజన్మలో బ్రదుకుపై ఏమి సుఖమని మహర్షి ప్రశ్నింపగా, తన జన్మ తనకు ప్రియమే యని అది బదులు పలికెను. పూర్వజన్మమున అది ధనికుడైన లోభి. ఆ జన్మమున తల్లిని సేవించిన పుణ్యమును, ఒకమారు అతిథిని పూజించిన పుణ్యమును దానిని విడువలేదు. వ్యాసుని అనుగ్రహముచే అది క్రమముగా ఉత్తమజన్మలను పొంది తరించెను. ఈ కథలో గమనింపదగినది ఒకటి కలదు. వేదములను విభజించినవాడు, పురాణములను రచించినవాడు, మార్గమున పోవుచు ఒక పురుగును చూచెను, అది భయపడుచున్నదని గుర్తించెను, ఆగి కుశలమడిగెను. దాని ఉద్ధారమునకు ఆరంభము ఆ చూపే.

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మములను ఉపదేశించుచు, లేళ్లను, ఒంటెలను, గాడిదలను, కోతులను, ఎలుకలను, పాములను, పక్షులను, తుదకు ఈగలను సైతము కన్నబిడ్డలవలె చూడవలెనని చెప్పెను. ఈ మాట అరణ్యములోని మునులకు చెప్పినది కాదు. ఇల్లు వాకిలి కలవారికి చెప్పినది. ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను వర్ణించెను. వారిలో శలభము కలదు, తేనెటీగ కలదు, సాలెపురుగు కలదు, పురుగును గూటిలో బంధించు కందిరీగ కలదు. ఆ అవధూత వీనిని ఏ ఆశ్రమములోనో వెదకికొనలేదు. తాను తిరుగు చోట కన్నులు తెరచి చూచెను, చూచినందున నేర్చుకొనెను. దశమస్కంధమున ఉద్ధవుడు వ్రేపల్లెకు వచ్చినపుడు గోపిక తన విరహమును తుమ్మెదతోనే చెప్పుకొనెను. వాల్మీకిమహర్షి కిష్కింధాకాండమున వర్షర్తువును వర్ణించుచు పచ్చికపై ఇంద్రగోపములు ప్రాకుటను కూడ విడువలేదు. సీతావియోగముతో తపించుచున్న శ్రీరామచంద్రుని చూపు అంత చిన్న ప్రాణిపైన కూడ నిలిచినది.

ఆ ఇంద్రగోపమునే తెలుగువారు ఆరుద్రపురుగు అందురు. ఎఱ్ఱని పట్టుగుడ్డ తునుకవలె ఉండి, తొలకరి జల్లులు పడిన కొలదిదినములు మాత్రమే నేలపై కనబడును. ఎనిమిది కాళ్లు గలది గావున శాస్త్రజ్ఞులు దీనిని కీటకములలో గాక సాలెపురుగుల సంబంధమున చేర్చుదురు. ఏడాదిలో అధికభాగము మట్టిలోపలనే అది జీవించును. హైదరాబాదు వంటి నగరమున నివసించు కుటుంబములోని వృద్ధులను అడిగినచో, చిన్ననాడు వాకిట ఆరుద్రపురుగులను చూచితిమని చెప్పుదురు. ఆ ఇంటి మనుమలకు దాని పేరు తెలియదు. ఆరుద్రకార్తె వచ్చుచునే యున్నది. వానయు కురియుచునే యున్నది. ఆ వాన పడు వాకిట మట్టి లేదు. ప్రహరిగోడ మొదలు మెట్ల వఱకు సిమెంటు పరచిరి, పలకలు అతికిరి. మట్టిలో నుండి రావలసిన ప్రాణి దేనిలో నుండి రాగలదు?

ఈ రీతిగనే ఒక్కొక్కదానిని విచారింపవలెను. మిణుగురు పురుగు పిల్లదశలో తడినేలపై నత్తలను తిని పెరుగును. పెద్దదైన పిదప తన వెలుగుతోనే జతగానిని పిలుచును. తడినేల లేక, రాత్రియంతయు విద్యుద్దీపములు వెలుగుచున్న వీధిలో ఆ చిన్నివెలుగును దాని జంట ఎట్లు కనుగొనును? తూనీగ నీటిలో గ్రుడ్లు పెట్టును. దాని పిల్ల నీటిలోనే పెరిగి దోమపిల్లలను పట్టి తినును. గుంట పూడ్చినచోట తూనీగ లేదు. పేడపురుగు ఆవుపేడను ఉండగా చేసి మట్టిలో పూడ్చి నేలకు సారమిచ్చును. ఆవు లేనిచోట, మట్టి లేనిచోట దానికి పని లేదు. ఇలకోడి గోడవార రాళ్లలో, ఆకులలో దాగి కూయును. రాలిన ఆకులను ఏనాటికానాడు ఊడ్చి తగులబెట్టు చోట అది నిలువదు.

మరి ఉన్నవి ఏవి? బొద్దింక ఉన్నది. ఈగ ఉన్నది. మురుగుకాలువలో పెరుగు దోమ ఉన్నది. డాబాపై మూతలేని తొట్టిలో పెరుగు దోమ ఉన్నది. డబ్బాలోని పంచదారను వెదకికొని వచ్చు చిన్నచీమ ఉన్నది. ఈ రెండు జాబితాలను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన గృహస్థునకు ఒక సత్యము గోచరించును. మట్టిని, చీకటిని, నిర్మలమైన జలమును, చెట్టును ఆశ్రయించినవి పోయినవి. మన ఎంగిలిని, మన మురుగును, మన అజాగ్రత్తను ఆశ్రయించినవి మిగిలినవి. క్రిమికీటకములు మన వీధికి అద్దము వంటివి. ఇంటివారి నడవడి ఎట్టిదో చూరుక్రింది ప్రాణులు చెప్పుచున్నవి. బొద్దింకను తిట్టుకొనువాడు దానిని పిలిచిన ఆహ్వానపత్రిక తన వంటింటి తూములోనే ఉన్నదని తెలిసికొనవలెను.

పూర్వము వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేయుట చీమలకు అన్నము పెట్టుటయే యని పెద్దలు చెప్పెడివారు. నేడు చాలచోట్ల ముగ్గుపిండి యనగా రాతిపొడి. మరికొన్నిచోట్ల ముగ్గు అనునది గడపకు అతికించిన రంగుకాగితము. రూపము నిలిచినది గాని అతిథికి అన్నము లేదు. తొలకరినాటి సాయంకాలము పుట్టల నుండి వెలువడు ఉసిళ్లు దీపముల చుట్టు ముసరెడివి. ఇంటివారు దీపమార్పి కొంతసేపు చీకటిలో కూర్చుండెడివారు. ఆ చెదపురుగులలో ఒక్కొక్క జంట రెక్కలు విడిచి మట్టిలో చొచ్చి క్రొత్తపుట్టకు నాంది పలుకును. పుట్ట యన్నంతనే వైష్ణవునకు తిరుమలక్షేత్రము జ్ఞప్తికి వచ్చును. శ్రీనివాసుడు వేంకటాద్రిపై చింతచెట్టు క్రింద వల్మీకమున వసించెనని క్షేత్రమాహాత్మ్యము చెప్పుచున్నది. లోకమున అత్యల్పమని తలచు చెదపురుగు కట్టిన ఇల్లు జగన్నాథునకు నివాసమైనది. ఆ కథను విని కన్నీరు పెట్టు భక్తుడు తన వీధిలో పుట్టకు చోటున్నదా యని ఒకమారు చూడవలదా?

ఈ తఱుగుదల ఒక్క మన నగరములకే పరిమితము కాదు. జర్మనీదేశమున రక్షితవనప్రదేశములలో 1989 మొదలు 2016 వఱకు ఎగురు కీటకములను వలలతో పట్టి తూచిన శాస్త్రజ్ఞులు, ఇరువదియేడు సంవత్సరములలో వాని మొత్తము బరువు నూటికి డెబ్బదియైదు పాళ్లకు మించి తగ్గినదని 2017లో ప్రకటించిరి. ఆ లెక్క ఆ దేశపు ఆ వనములకు సంబంధించినది. దానిని మన వీధికి అంటగట్టరాదు. దాని నుండి గ్రహింపవలసినది వేరొకటి. ఆ పరిశీలన చేసినవారిలో ఉద్యోగమునకు గాక కేవలము ప్రీతితో కీటకములను పరిశీలించు గృహస్థులు పలువురు ఉండిరి. వారు ఏటేట ఒకే రీతిగా చూచుచు వ్రాసియుంచినందుననే తఱుగుదల తెలియవచ్చినది. చూడనివానికి ఏదియు తగ్గినట్లు తోచదు.

ఇపుడు మొదటి ప్రశ్నకు రావలెను. మిణుగురును ఎవరును చంపలేదు. ఆరుద్రపురుగును ఎవరును త్రొక్కలేదు. ఇల్లు కట్టుకొనిన వానికి గూడు కావలెను. దీపము పెట్టిన వానికి వెలుగు కావలెను. ఎవరి సంకల్పములోను హింస లేదు. సంకల్పము లేనిచోట పాపమెక్కడిది? దీనికి సమాధానము మాండవ్యోపాఖ్యానమున కలదు.

మాండవ్యమహర్షి మౌనవ్రతమున ఉండగా దొంగలు దోచిన సొమ్మును ఆయన ఆశ్రమమున దాచిరి. రాజభటులు మునిని కూడ దొంగగా తలచి శూలముపై ఎక్కించిరి. తపోబలమున ప్రాణములు నిలుపుకొనిన ఆ మహర్షి పిదప యమధర్మరాజును సమీపించి, తానేమి పాపము చేసితినని అడిగెను. బాల్యమున పతంగముల తోకలలో దర్భపుల్లలు గ్రుచ్చితివి, దాని ఫలమే ఇది యని ధర్మదేవత చెప్పెను. తెలియని వయస్సున చేసిన పనికి ఇంత శిక్షయా యని మహర్షి ఆగ్రహించి, యముని మానవుడవై పుట్టుమని శపించెను. పదునాలుగేండ్లు నిండువఱకు చేసినది పాపము కాదని క్రొత్తగా మర్యాదను నెలకొల్పెను. ఆ శాపము వలననే ధర్మదేవత విదురుడై జన్మించెనని భారతము చెప్పుచున్నది.

ఈ కథలో రెండు తీర్పులు కలవు. పురుగు బాధ లెక్కలోనికి రాదని ధర్మదేవతయు అనలేదు, మాండవ్యుడును అనలేదు. తెలియనివానిని దండింపరాదనునదే మహర్షి వాదము. అట్లయినచో తెలియకుండుటయే క్షేమము గదా, చూడకున్నచో పాపమే లేదు గదా యని ఒక చమత్కారి అడుగవచ్చును. ఈ శంకను లోతుగా చూడవలెను. మహర్షి మన్నించినది బాల్యమును. కన్నులు మూసికొనుటను కాదు. బాలునకు తెలియదు, తెలిసికొనుటకు వయస్సు చాలదు. వయస్సు వచ్చియు, బుద్ధి యుండియు, చూచినచో బాధ్యత మీద పడునని చూపు మరల్చుకొనువాడు ఏబదియేండ్ల బాలుడు కాడు. తెలియకపోవుట వేరు, తెలిసికొననొల్లకుండుట వేరు. మొదటిదానికి క్షమ కలదు. రెండవది తానే ఒక దోషము.

పంచసూనల విషయమునను శాస్త్రము ఈ మార్గమునే అనుసరించినది. పొయ్యి వెలిగింపవలదని చెప్పలేదు. ఇల్లు ఊడ్వవలదనియు చెప్పలేదు. జరుగుచున్న హింసను ఎఱుగుమని చెప్పినది. ఎఱిగి, దినదినమును ఆ ప్రాణులకు కొంత తిరిగి ఇమ్మని చెప్పినది. నగరమున ఇల్లు కట్టుకొనుట నేరము కాదు. ఇల్లు కట్టుకొనుటవలన ఎవరి ఇల్లు పోయినదో చూడకుండుట, చూచిన పిదప వారికి జానెడు చోటు కూడ విడువకుండుట గృహస్థునకు తగదు. నేటి కాలమున పంచసూనలకు తోడుగా సిమెంటువాకిలి, రాత్రిదీపము, విషపుమందు అను మరి మూడు చేరినవని తలచినచో తప్పులేదు. పరిహారమార్గము మాత్రము పాతదే.

ఇక రెండవ శంక. దోమను కూడ బిడ్డవలె చూడవలెనా? జ్వరముతో మంచమెక్కిన పిల్లవాని తల్లికి భూతదయను బోధించుట న్యాయమా? న్యాయము కాదు. శరీరము ధర్మసాధనము, బిడ్డను కాపాడుట తల్లికి ప్రథమధర్మము. అందును చూపు లేనిదే రక్షణ లేదు. దీనికి సికిందరాబాదులోనే గొప్ప నిదర్శనము కలదు. రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు మలేరియా జ్వరమునకు దోమ కారణమేమో యని 1895 నుండి పరిశోధించెను. దొరికిన దోమలనెల్ల కోసి సూక్ష్మదర్శినిలో చూచినను ఫలము కానరాలేదు. ఆయన చూచుచున్నవి వేఱుజాతి దోమలు. 1897లో రెక్కలపై మచ్చలు గల మరియొక జాతి దోమను వేఱుగా గుర్తించి పరీక్షింపగా, ఆగస్టు 20వ తేదీన దాని జీర్ణకోశపు గోడలో మలేరియా క్రిమి కనబడినది. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. దోమలన్నియు ఒకటే యని తలచినంతకాలము సత్యము దొరకలేదు. ఏ దోమయో చూచిననాడు దొరికినది.

నేటికిని ఇదే వివేకము అవసరము. డెంగీజ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ కాళ్లపై తెల్లని చారలు కలిగి, పగటివేళ కుట్టును. ఇంటిలో నిలువచేసిన మంచినీటిలో, పూలకుండీల పళ్లెములలో, పాతటైర్లలో, కూలర్లలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయగుటకు ఉష్ణదినములలో ఇంచుమించు వారము పదిదినములు పట్టును. వారమునకొకమారు ఆ పాత్రలను ఒంపి, తోమి, ఆరబెట్టిన గృహస్థుడు ఒక్క ప్రాణిని వెంటాడకయే తన బిడ్డలను కాపాడుకొనును. వీధిలో వదలు పొగమందు ఎగురుచున్న దోమలను చంపునే గాని తొట్టినీటిలోని పిల్లలను తాకదు. దారిలో ఎదురైన ఇతర సూక్ష్మకీటకములను మాత్రము విడువదు. రోగము ప్రబలినపుడు ఆ పొగయు అవసరము కావచ్చును; ఆపద్ధర్మమును ఎవరును కాదనరు. కాని తొట్టిని ఒంపక పొగను మాత్రమే నమ్ముకొనువాడు హింసయు చేసినవాడగును, రక్షణయు లేనివాడగును. ఎంత అవసరమో అంతయే, ఏది అవసరమో దానినే – ఇది గృహస్థుని అహింసకు కొలబద్ద.

తేనెటీగల విషయము ఇట్టిదే. నగరములలో ఎత్తైన భవనముల అంచులకు, నీటితొట్ల క్రిందికి పెద్దతేనెటీగలు వచ్చి పట్టు పెట్టును. చూచినంతనే దివిటీతోనో మందుతోనో చంపించుట నేటి అలవాటు. ఈ ఈగలు పూలకాలమును బట్టి తావులు మార్చుకొనునవి. పెక్కుమార్లు కొన్ని నెలలుండి తామే లేచిపోవును. పిల్లలు తిరుగు చోట, చేతికందు ఎత్తున పెట్టినచో తెలిసినవారిచే తొలగింపవలసినదే. ఎవరికిని అడ్డములేని ఎత్తున ఉన్నదానిని కూడ భయము వలన కాల్చుట దోషము. తులసికోటలో మంజరులు విరిసినపుడు వచ్చి వ్రాలు ఈగలు ఆ పట్టుల నుండియే రావచ్చును. శ్రీహరికి అర్పించు తులసిపై హరికంటె ముందు వ్రాలిన అతిథిని చంపి, ఆ తులసిని పాదములపై ఉంచుట ఎట్టి పూజ?

అవధూత శలభమును చూచి, రూపమునకు లోబడినవాడు నశించునని నేర్చుకొనెను. ఆ పాఠము మనుష్యునకు నేటికిని చెల్లును. శలభము దీపమును ఎందుకు చుట్టునో పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2024లో ఒక విషయము ప్రకటించిరి. రాత్రి ఎగురు కీటకములు వెలుగు వచ్చు దిక్కే ఆకాశమని నమ్మి దానికి వీపుచూపి ఎగురును. ఆకాశమునకు మారుగా దీపము ప్రక్కన ఉన్నపుడు దిక్కుతప్పి దాని చుట్టునే తిరుగును. అనగా శలభము ఆకాశమును నమ్మినది. దానికి అబద్ధపు ఆకాశమును చూపినవాడు మనుష్యుడు. ఇది విన్న పిదప శలభము మరియొక పాఠమును చెప్పు గురువగుచున్నది: ఇతరప్రాణి నమ్మకమును చెడగొట్టు వెలుగును అవసరమునకు మించి వెలిగింపవలదు. తులసికోట ముందరి నూనెదీపము రాత్రియంతయు వీధిని కాల్చదు. ఎవరును నడువని మేడపై తెల్లవార్లు వెలుగు విద్యుద్దీపమునకు ఏ శాస్త్రమునను విధి లేదు.

విశిష్టాద్వైతసిద్ధాంతమున ఈ విచారమునకు దృఢమైన పునాది కలదు. చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరమనియు, ఆయన వానికి అంతర్యామియైన ఆత్మయనియు భగవద్రామానుజులు శ్రుతిప్రమాణముచే నిరూపించిరి. బృహదారణ్యకములోని అంతర్యామిబ్రాహ్మణము సర్వభూతములను ఆయన శరీరమని చెప్పుచున్నది. సర్వమన్నపుడు కీటకమును మినహాయించు అధికారము ఎవరికిని లేదు. జీవుడు భగవంతునకు శేషుడు. పురుగులోని జీవుడును శేషుడే. తనది కానిదానిని తనకు ప్రియము కాదని తుడిచివేయువాడు స్వామి సొత్తును పాడుచేసినవాడగును. తృతీయస్కంధమున కపిలభగవానుడు తల్లియైన దేవహూతికి, సర్వభూతములలో ఉన్న తనను అనాదరించి విగ్రహమున మాత్రమే పూజించువాని అర్చన వ్యర్థమని బోధించెను. ఆ మాట అర్చామూర్తిని తక్కువ చేయుటకు చెప్పినది కాదు. అర్చామూర్తి ముందు నిలిచిన కన్నులనే ఇంటికి తీసికొనిపొమ్మని చెప్పినది.

సమదర్శనమనగా భేదములను చూడకుండుట యని కొందరు భ్రమపడుదురు. గీతాచార్యుడు విద్వాంసుని, గోవును, ఏనుగును, కుక్కను వేఱువేఱుగా పేర్కొనియే సమదర్శనమును బోధించెను. ఏది ఏదియో ఎఱుగక అన్నియు ఒకటే యనుట సమదర్శనము కాదు, అంధత్వము. పురుగులన్నియు పురుగులే యనువానికి మందుడబ్బా ఒక్కటియే ఉపాయము. ఇది తూనీగ, ఇది దోమ, ఇది తేనెటీగ, ఇది చెద యని పేరుపేరున ఎఱిగినవానికి అన్నింటిలోను ఒకే అంతర్యామి గోచరించును.

కావున గృహస్థులు ఆచరింపదగినవి కొన్ని కలవు. ఏదియు కష్టసాధ్యము కాదు. వాకిలియంతయు సిమెంటు పరచక గోడవారనైనను మూరెడు మట్టి విడువవలెను. కరివేపాకు, నిమ్మమొక్కలపై పెరుగు గొంగళిపురుగులు సీతాకోకచిలుకలగునని పిల్లలకు చూపి, నాలుగు రెమ్మలు వానికి విడువవలెను. రాలిన ఆకులను కాల్చక ఒక మూల పోగు చేయవలెను. నెలకొకమారైనను బియ్యపుపిండితో ముగ్గు వేయవలెను. నీటిపాత్రలకు మూతలుంచి, వారమునకొకమారు ఒంపవలెను. అవసరములేని దీపమును ఆర్పవలెను. యతులు చాతుర్మాస్యమున ఒకేచోట నిలుచుట వర్షర్తువున నేలపై వెలువడు అల్పప్రాణులను త్రొక్కకుండుటకే యని పెద్దలు చెప్పుదురు. గృహస్థునకు అట్టి దీక్ష సాధ్యము కాదు గాని, ఆ నాలుగు మాసములందు సంధ్యాదీపము పెట్టిన పిదప కొంతసేపు వాకిట నిలిచి, నేడు ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అని చూచుట సాధ్యమే. అలిపిరి కాలిబాటను ఎక్కునపుడు చెట్లలో కీచురాళ్ల ధ్వని విని, సీతాకోకచిలుకలను చూచి ఆనందించు యాత్రికుడు, అవి తన వీధిలో ఏల లేవని ఒకమారు తలచినచో ఆ యాత్ర ఇంటివఱకు వచ్చినట్లే.

ఈ చిన్నపనులచే పోయిన ప్రాణులన్నియు మరలి వచ్చునని చెప్పుట సాహసము. నగరము పెద్దది, వాకిలి చిన్నది. వైశ్వదేవమున నేలపై ఉంచు అన్నమును పిడికెడే. ఆ పిడికెడుతో లోకమునందలి క్రిములన్నింటి ఆకలి తీరునని శాస్త్రము చెప్పలేదు. నీ ఇంటి మేరకు నీవు ఎఱిగి ఉంచుమని చెప్పినది. ఫలము శ్రీపతిది, మెల్లగా ఉంచుట గృహస్థునిది. బండ్లదారిలోని కీటకమును చూచి ఆగిన వ్యాసభగవానుని చూపులో లేశమైనను మన కన్నులకు అబ్బునట్లు, వల్మీకవాసియైన శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!